బస్సెక్కే రోజు వేసుకోని మాత్ర

(పదకొండో భాగం)

పోయిన వారం స్టెల్లాను బంగారయ్య గారి గుమ్మం ముందు నిలబెట్టి ఆపాం. ఈ వారమే పత్రిక చేతికొచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు వెళతాను. మొదటి నుంచీ చదువుతున్నవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

అమలాపురంలో డాక్టర్ శ్యామ్ సుందర్ గారి గుండె ఆసుపత్రిలో ఒక కొత్త మాత్ర మీద పరీక్ష జరుగుతోంది. గుండె బలహీనపడి, కాళ్ళకు నీరు దిగి, పది అడుగులు వేస్తే ఆయాసం వచ్చేవాళ్ళ కోసం చేసిన మాత్ర అది. అలాంటివాళ్ళంతా ఏళ్ళ తరబడి నీళ్ళ మాత్ర వేసుకుంటూ ఉంటారు. ఒంట్లో నిలిచిన నీటిని ఒంటికి వెళ్ళేలా చేసి బయటికి పంపే మాత్ర. ఈ కొత్తదానికీ ఆ పాతదానికీ పొసగుతుందా, రెండూ ఒకేసారి కడుపులో పడితే గుండె లయ తప్పుతుందా అన్నది తేల్చడమే ఇక్కడి పని. పరీక్షలో చేరినవాళ్ళు పదిహేను రోజులకోసారి బుధవారం ఆసుపత్రికి రావాలి. నీళ్ళ మాత్ర పొద్దున్న ఆరింటికే ఇంటి దగ్గర వేసుకుని రావాలి. కొత్త మాత్ర తొమ్మిదింటికి నర్సు స్టెల్లా ఎదురుగా మింగాలి. పదకొండుకీ ఒంటిగంటకీ రక్తం తీసి, ఇసిజి తీసి, కాగితాల మీద ఎక్కించేదీ స్టెల్లాయే. మిగతా రోజుల్లో రెండు మాత్రలూ ఇంట్లోనే, పొద్దున్నే.

పద్నాలుగుమందితో మొదలైంది. ఒకాయన్ని మధ్యలో తీసేశారు. ఇద్దరు పోయారు. ముందు సాలమోను మాస్టారు, నెల తిరక్కుండా బంగారయ్య గారు. ఇద్దరూ ఇంట్లోనే, పొద్దుటి పూటే, ఉన్నట్టుండి. గుండె జబ్బు మనుషులు కదా, పోరా మరి అని ఊళ్ళో సరిపెట్టుకున్నారు. డాక్టరు గారూ అదే రాశారు. స్టెల్లా ఒక్కతే సరిపెట్టుకోలేక బంగారయ్య గారి ఊరు వెళ్ళింది. ఆయన భార్య రాజ్యలక్ష్మి గారు కళ్ళొత్తుకుంటూ చెప్పిన మాట దగ్గరే మనం ఆగాం.

"మీ ఆసుపత్రికి వచ్చిన రోజు మా ఆయన హాయిగా ఉండేవారండి. ఇంట్లో ఉన్న రోజులే దడదడ. అదేం చిత్రమో మరి."

*

ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతుండగానే బుధవారం వచ్చేసింది. మామూలు బుధవారం కాదు. కొత్త మాత్ర మోతాదు ఆ రోజు నుంచి రెట్టింపు చేయాలని కంపెనీ వారి కాగితం వచ్చింది. ఇంతవరకూ తీసిన ఇసిజిలన్నీ చక్కగా ఉన్నాయి గనక ఇక పెంచవచ్చట.

తొమ్మిది కొట్టగానే స్టెల్లా ట్రే పట్టుకుని బెంచీల మధ్యకు వెళ్ళింది. పదకొండుమంది. అల్లవరం నించి ఇద్దరు, రాజోలు వైపు నించి నలుగురు, కొత్తపేట నించి ఇద్దరు, కాట్రేనికోన నించి ముగ్గురు. అందరూ తెల్లవారుజామున లేచి, రెండు బస్సులు మారి వచ్చినవాళ్ళే. అలవాటైన ప్రశ్న ఒక్కొక్కరినీ అడిగింది.

"పొద్దున్న నీళ్ళ మాత్ర వేసుకున్నారా అండీ?"

"ఆయ్, వేసుకున్నామండి."

అలవాటైన టిక్కు పెట్టింది. ఒక్కొక్కరి అరచేతిలో రెండేసి కొత్త మాత్రలు పెట్టి, మింగేదాకా నిలబడి చూసింది. పెడుతున్నప్పుడు రాజ్యలక్ష్మి గారి మాటే ఆమె చెవిలో ఉంది. భయానికి కారణం దొరకనప్పుడు మనిషి పనిలో పడిపోతాడు, ఆమె కూడా అదే చేసింది.

తొమ్మిదిన్నర అయింది. పది అయింది. స్టెల్లా బల్ల దగ్గర కూర్చుని సూదులూ సీసాలూ సర్దుకుంటోంది. గదికి ఒకటే బాత్రూం. దాని తాళంచెవి ఆమె తల వెనక మేకుకి వేలాడుతుంది, కావలసినవాళ్ళు అడిగి తీసుకెళ్ళాలి. ఆ రోజు తాళంచెవి పొద్దున్న తగిలించినది తగిలించినట్టే ఉంది.

ఇంటి దగ్గర స్టెల్లా వాళ్ళమ్మ దీనమ్మ కూడా ఇదే నీళ్ళ మాత్ర వేసుకుంటుంది. కాళ్ళ వాపుకి. మాత్ర పడ్డ అరగంటకి మొదలై మధ్యాహ్నం దాకా ఆవిడకి బాత్రూం తలుపు దగ్గరే కాపురం. "ప్రార్థనకి కూడా కూర్చోనివ్వదే ఈ మాత్ర" అని రోజూ విసుక్కుంటుంది. మరి ఇక్కడ పదకొండుమంది పెద్దవాళ్ళు. ఆరింటికి మాత్ర వేసుకుని, గంటన్నర, రెండు గంటలు బస్సులో కూర్చుని, మరో రెండు గంటలుగా ఈ బెంచీల మీద ఉన్నారు. ఒక్కరంటే ఒక్కరు లేవలేదు.

ఈ బుధవారమే కాదు. పోయినసారీ లేవలేదు. అంతకుముందూ లేవలేదు. ఐదుసార్లూ ఆ తాళంచెవిని చూస్తూనే ఉంది, చూసీ చూడనట్టే ఉండిపోయింది. కళ్ళ ముందున్నది కనపడకపోవడానికి చదువు అడ్డం కాదు, చదువుకున్నవాళ్ళకే ఆ సదుపాయం ఎక్కువ.

ఆమె లేచి వెళ్ళి ముత్యాలు పక్కన కూర్చుంది. ముత్యాలుకి అరవై దాటాయి. కాట్రేనికోన దగ్గర సముద్రం ఒడ్డు పల్లె. చేపల గంప నెత్తిన పెట్టుకుని ముప్ఫై ఏళ్ళు ఊళ్ళు తిరిగిన మనిషి, ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే కూలబడుతుంది.

"పిన్నిగారూ, బాత్రూంకి వెళతారా? తాళం ఇవ్వనా?"

"ఎందుకండి? వద్దండి."

"నీళ్ళ మాత్ర వేసుకున్నారు కదా."

"ఆయ్, వేసుకున్నానండి."

"ఎన్నింటికి?"

ముత్యాలు పక్కనున్న రాఘవులు గారి వైపు చూసింది. రాజోలు రాఘవులు గారు పైకప్పు వైపు చూశారు. స్టెల్లా ఆవిడ చేయి పట్టుకుంది.

"నిజం చెప్పండి పిన్నిగారూ. నేనేమీ అనను."

"కోప్పడకూడదు మరి."

"కోప్పడను."

ముత్యాలు చీర కొంగు ముడి విప్పింది. అందులో మడత పెట్టిన కాగితం, కాగితంలో స్ట్రిప్పు నించి కత్తిరించిన ఒకే ఒక్క తెల్ల మాత్ర.

"ఇదిగోనండి. ఇంటికెళ్ళగానే వేసుకుంటాను. ఎప్పుడూ మానలేదండి, అమ్మవారి మీద ఒట్టు. బస్సెక్కే రోజు మాత్రం దిగి ఇంటికెళ్ళాకేనండి."

"ఎందుకలాగ?"

ముత్యాలు గొంతు తగ్గించింది. "పేరు రాయించుకోడానికి వచ్చిన రోజు వేసుకునే ఎక్కేనండి. ముమ్మిడివరం దాటేసరికి ఇక ఆగలేదు. బస్సు ఆపమని కండక్టరు బాబుని అడగడానికి నోరు రాలేదండి. నిండా మగాళ్ళు. అడిగినా ఆ రోడ్డు పక్కన ఎక్కడ కూర్చోమంటారు, అటు కాలవ, ఇటు ఇళ్ళు. చీర తడిసిపోయింది సిస్టరు గారూ. అమలాపురం బస్టాండులో అందరూ దిగేదాకా లేవలేదండి. కాలేజీ ఆడపిల్లలు ముక్కు మూసుకుని దిగేరు. ఈ వయసులో అలాంటిది పడ్డాక ఇంకెవరన్నా వేసుకుని ఎక్కుతారాండి?"

స్టెల్లా తల తిప్పి మిగతావాళ్ళని చూసింది. ఎవరూ ఆమె కళ్ళలోకి చూడలేదు.

"మీరు కూడానా రాఘవులు గారూ?"

"మగాళ్ళకేముంది, ఎక్కడైనా దిగొచ్చు అనుకుంటారండి అందరూ." రాఘవులు గారు గొంతు సవరించుకున్నారు. "దిగుతానండి. దిగితే మళ్ళీ ఎక్కేదెలాగండి ఈ కాళ్ళతో? బస్సు ఆగుతుందా నాకోసం? అందరం అంతేనండి. మొదట్లో ఎవరికి వారే. తరవాత్తరవాత మాటల్లో తెలిసింది, అందరం అదే పని చేస్తున్నామని."

"మరి నేను అడిగినప్పుడల్లా వేసుకున్నామన్నారేంటండీ?"

ఈ ప్రశ్నకీ రాఘవులు గారే జవాబిచ్చారు. "మీరు అంత మర్యాదగా అడుగుతుంటే లేదని మొహం మీద ఎలా చెప్పమంటారండి? సాయంత్రం వేసుకునేదే కదా, వేసుకున్నట్టే లెమ్మనుకున్నాం."

మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత ఒకటి చెబుతుంది. ఇంటిల్లిపాదీ చదివే పత్రిక కాబట్టి దాన్ని పూర్తిగా రాయను. కానీ కోనసీమలో పుట్టి పెరిగి, "ఆయ్" అంటే అవునని మాత్రమే కాదని, "మీ మాట కాదనలేను" అని కూడా అని తెలిసిన స్టెల్లా, ఐదుసార్లు ఆ మాట విని టిక్కులు పెట్టింది. ఖాళీ స్ట్రిప్పులు కూడా సరిగ్గా సరిపోతూ వచ్చాయి. సరిపోవూ మరి, పాపం సాయంత్రం నిజంగానే వేసుకుంటున్నారు!

అప్పుడు అర్థమైంది ఆమెకి. ఒళ్ళంతా చల్లబడేట్టు అర్థమైంది. రెండు మాత్రలూ కలిస్తే ఏమవుతుందో చూడడానికి పెట్టిన పరీక్షలో, చూసిన రోజుల్లో అవి కలవనే లేదు. కలిసినవి చూడని రోజుల్లో. ఇంటి దగ్గర, పొద్దున్నే, ఒకే గ్లాసుడు నీళ్ళతో. రాజ్యలక్ష్మి గారు చిత్రమన్నది ఇదే. సాలమోను మాస్టారు పోయింది ఇంట్లోనే. బంగారయ్య గారు పోయింది ఇంట్లోనే.

భయం చాలామందికి కోపంగానే బయటికొస్తుంది. కోప్పడనని చేతిలో చెయ్యేసి చెప్పిన స్టెల్లా గట్టిగా అరిచేసింది.

"ఇలాగ చేస్తారా అండీ! నీళ్ళ మాత్ర వేసుకోకుండా వస్తే ఈ పరీక్షలకి అర్థం ఏముంది? ఐదుసార్లు! ఐదుసార్లు సూదులు పొడిపించుకున్నదంతా గోదాట్లో కలిసిపోయింది! చెప్పిన టైముకి ఒక్క మాత్ర వేసుకోడం అంత కష్టమైపోయిందా?"

పదకొండుమందీ తలలు దించుకున్నారు. ముత్యాలు కాగితం మళ్ళీ మడతపెట్టి కొంగుకి ముడేసుకుంది. స్టెల్లా ఫైలు తీసుకుని మేడమెట్ల వైపు పరిగెత్తింది. అప్పుడు గోడగడియారంలో పదింపావు.

*

డాక్టరు గారి గదిలో పేషెంటు ఉన్నారు. పావుగంట బయట నిలబడాల్సి వచ్చింది. ఆ పావుగంటలో ఆమె ఫైలు మూడుసార్లు తిరగేసింది.

శ్యామ్ సుందర్ గారంటే ఆమెకు ఉట్టి డాక్టరు కాదు. ఒకే పేట. ఆయన తాత, ఈమె తాత ఒకే రైతు చేలో కోతలు కోసినవాళ్ళు. పేట నుంచి మొదటి డాక్టరు, జిల్లాలో పేరున్న గుండె డాక్టరు. స్టెల్లాకి నర్సింగు సీటు ఇప్పించింది ఆయనే. దీనమ్మ ఆదివారం ప్రార్థనలో కూతురి పేరు కంటే ముందు ఆయన పేరే చెబుతుంది. అలాంటి మనిషి ముందు నిలబడి, "మీరు తప్పు చేశారు" అనాలి. అంతకన్నా ఎవరికైనా సెలైను ఎక్కించమంటే సులువు.

లోపలికి పిలిచారు. ఆమె కూర్చోకుండానే మొత్తం చెప్పింది. ఆయన అడ్డురాకుండా విన్నారు. విన్నాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"కూర్చో అమ్మా. ముందు కూర్చో. నిన్న వేసుకున్న నీళ్ళ మాత్ర ఒంట్లో కొంతైనా ఉండదా?"

"ఆరు గంటల్లో దాని పని అయిపోతుందని మీరే చెప్పేరు కదా సార్, మా అందరికీ క్లాసు తీసుకున్నప్పుడు."

"చెప్పేను."

"కంపెనీ కాగితంలో రెండు మాత్రలూ నర్సు ఎదురుగా వేయించమని ఉంది సార్. ఇప్పుడే మళ్ళీ చదివేను. ఇంటి దగ్గర వేసుకు రమ్మన్నది మనం."

"నేను." ఆయన మాట సవరించారు. "మనం కాదు, నేను. పద్నాలుగుమంది ముసలాళ్ళు. ఒక్క బాత్రూం. వరసలో నిలబడి అవస్థ పడతారని, ఇంటి దగ్గరైతే సుఖంగా కానిచ్చుకుని వస్తారని అన్నాను. జాలిపడి అన్నాను స్టెల్లా. అదీ తప్పేనా?"

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఇక్కడ జాలికీ మొహమాటానికీ మధ్య రెండు ప్రాణాలు ఊడాయి. కానీ ఆ సంగతి ఆయనకి చెప్పాల్సిన అవసరం లేదు, ఆయన మొహంలో రంగు మారిపోతూనే ఉంది.

స్టెల్లా ఫైలు మూసి చేతులు దాని మీద పెట్టుకుంది. బయట పావుగంట నిలబడి ఆమె వెతికింది ఒకే ఒక్క కాగితం. అది ఫైల్లో లేదు.

"అప్పారావు గారి ఇసిజిలు కావాలి సార్."

అప్పారావు గారంటే పరీక్ష మధ్యలో తీసేసిన పద్నాలుగో మనిషి. రిటైరైన పోస్టుమాస్టరు. ఇల్లు ఆసుపత్రి వెనక వీధిలోనే. ఆయనకి బస్సుతో పని లేదు, చేతికర్ర పట్టుకుని నడిచి వచ్చేసేవారు. వచ్చీరాగానే "తాళంచెవి ఇలా పారేయ్ అమ్మాయ్" అని బాత్రూం వైపు వెళ్ళిపోయే మనిషి ఆయనొక్కరే అని స్టెల్లాకి ఇవాళ గుర్తొచ్చింది. రెండు బుధవారాలు పదకొండింటికి తీసిన ఇసిజిలో ఆయన గీత వింతగా వచ్చింది. సాగిపోయి, మెలికలు తిరిగి. మిషను వైరు వదులై ఉంటుందని డాక్టరు గారు అన్నారు. ఈయన పరీక్షకి పనికిరాడని పేరు కొట్టేయించారు. ఆయన నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళిపోయి, ఇప్పటికీ పొద్దున్నే పేపరు చదువుకుంటున్నారు.

శ్యామ్ సుందర్ గారు కుడిచేతి వైపు సొరుగు లాగారు. ఎక్కడో అడుగున ఉండాల్సిన ఆ రెండు కాగితాలు అన్నిటికన్నా పైన ఉన్నాయి. మడతల దగ్గర నలిగి ఉన్నాయి.

స్టెల్లా వాటిని చూసింది, ఆయన్ని చూసింది.

"మీరు వీటిని చూస్తూనే ఉన్నారా సార్?"

"సాలమోను పోయిన రోజు బయటికి తీసేను."

"సాలమోను మాస్టారు పోయిన రోజు." ఆమె మెల్లిగా అంది. "అంటే బంగారయ్య గారు అప్పటికి బతికే ఉన్నారు."

కింద రోడ్డు మీద ఆటోవాళ్ళు రావులపాలెం, రావులపాలెం అని కేకలు వేస్తున్నారు.

"అనుమానం స్టెల్లా. అంతే, ఉట్టి అనుమానం. ఒక్కడి గీత బాగోలేదని పరీక్ష ఆపమంటే హైదరాబాదులో నవ్వుతారు. ఇంత పెద్ద పరీక్ష మన గోదావరి పాయల మధ్యకి రావడం ఇదే మొదలు. వీళ్ళకేం తెలుసులే అనుకుంటారని..." ఆయన ఆగి, మళ్ళీ అన్నారు. "మిగతా పదమూడుమంది గీతలూ తీసి చూసేను. నీళ్ళ మాత్ర వేసుకున్నారని ప్రతి దాని మీదా నీ టిక్కు ఉంది. నీ టిక్కుని నమ్మేను."

ఆ మాట స్టెల్లాకి సూటిగా తగిలింది. తగలాల్సిందే. మూడు నెలల్లో ఒక్కసారి, "ఏదీ, ఖాళీ స్ట్రిప్పు ఇప్పుడు చూపించండి" అని పొద్దున్న పూట అడిగి ఉంటే చాలు. ఆమె కళ్ళు నిండాయి. ఆసుపత్రిలో అడుగుపెట్టిన రోజు నించీ సార్ అనే పిలిచే మనిషి, ఇప్పుడు పేటలో పిలిచే పిలుపు పిలిచింది.

"అన్నయ్యగారూ, నా టిక్కు తప్పే. నేను కాదనను. ఎవరడిగినా అదే చెబుతాను, ఉద్యోగం పోతే పోనివ్వండి. కానీ మీ సొరుగులో ఉన్నది నా టిక్కు కాదు. అది మీకు తెలుసు. రాజ్యలక్ష్మి గారు నిన్న నన్ను మంచినీళ్ళు తాగి వెళ్ళమన్నారండి. మొగుడు పోయిన ఇంట్లో నాకు మర్యాద చేసేరు. ఇంకొకరి ఇంటికి నేను అలాగ వెళ్ళలేను. ఆపేయండి. ఇవాళే, ఇప్పుడే ఆపేయండి."

శ్యామ్ సుందర్ గారు రెండు చేతుల్తో మొహం కప్పుకున్నారు. ఆయన ఏడుస్తున్నారేమో అని స్టెల్లాకి భయం వేసింది. ఏడవలేదు. చేతులు తీసేసరికి ఆయన వయసు పదేళ్ళు పెరిగినట్టుంది, కానీ గొంతు మాత్రం మళ్ళీ డాక్టరు గొంతే.

"ఆపుతాను. ఇప్పుడే కంపెనీకి ఫోను చేస్తాను. అప్పారావు గారి కాగితాలు కూడా పంపుతాను, ఎందుకు దాచేనో కూడా నేనే రాస్తాను." ఆయన చేయి ఫోను మీదికి వెళ్ళి ఆగింది. "తొమ్మిదింటికి రెట్టింపు మోతాదు వేయించేసేవా?"

"వేయించేసేనండి. పదకొండుమందికీ."

ఆయన లోపల్లోపల ఏదో లెక్క వేసుకున్నారు. తర్వాత ఆయన భుజాలు కొంచెం దిగాయి.

"భయం లేదు. కొత్త మాత్ర ఒక్కటీ అయితే ఏమీ చేయదు, ఈ మోతాదు వేరే చోట్ల చూసిందే. దానికి నీళ్ళ మాత్ర తోడయితేనే ప్రమాదం. రక్తంలో పొటాషియం ఒక్కసారి పడిపోయి గుండె లయ తప్పుతుంది. ఇవాళ వాళ్ళెవరూ నీళ్ళ మాత్ర వేసుకోలేదన్నావు కదా? బస్సు పుణ్యమా అని బతికిపోయేం. వెళ్ళి వాళ్ళ దగ్గరున్న నీళ్ళ మాత్రలన్నీ నీ చేతికి తీసుకో. రేపటి దాకా ఒక్కటి కూడా వేసుకోకూడదని చెప్పు. సాయంత్రం దాకా ఇక్కడే ఉంచుదాం. ఒక్కొక్కరికీ నేనే చెబుతాను జరిగిందంతా."

"అలాగేనండి."

ఆ పొద్దుటి నించి మొదటిసారి స్టెల్లా గుండెల నిండా ఊపిరి తీసుకుంది. తలుపు దాటుతుండగా ఆయన వెనక నించి, "స్టెల్లా, అమ్మని ఈ ఆదివారం నా పేరు చెప్పొద్దని చెప్పు" అన్నారు. ఆమె మెట్లు దిగింది.

*

కింద పదకొండూ అయిదు అయింది. గది నిశ్శబ్దంగా లేదు. పొద్దున్న తలలు దించుకున్నవాళ్ళు ఇప్పుడు కాస్త తేలిగ్గా కబుర్లాడుకుంటున్నారు. స్టెల్లా ముఖంలో కోపం ఉందా లేదా అని అందరూ చూశారు. ఆమె బల్ల మీద ఖాళీ ట్రే తీసుకుంది.

"అందరూ నా మాట వినండి. మీ దగ్గరున్న నీళ్ళ మాత్రలు ఈ ట్రేలో పెట్టేయండి. పొద్దున్న గట్టిగా అరిచేను, మనసులో పెట్టుకోకండి. పిన్నిగారూ, కొంగు ముడి విప్పండి."

ముత్యాలు కొంగు చూపించింది. ముడి లేదు.

"లేదండి ఇంక. వేసేసుకున్నాను."

స్టెల్లాకి ఆ మాట వెంటనే లోపలికి దిగలేదు. "ఏం వేసేసుకున్నారు?"

"నీళ్ళ మాత్రేనండి. మీరు అంతలా బాధపడి వెళ్ళిపోతే మాకు మనసు ఎలా ఒప్పుతుందండి? మీరటు మేడెక్కేరు, ఇటు అందరం వేసేసుకున్నాం. ఇంటికెళ్ళేదాకా ఎందుకు, మీరు రక్తం తీసేసరికి ఒంట్లో ఉండాలి కదా అనేసి. నలుగురు అప్పుడే ఒంటికి కూడా వెళ్ళొచ్చేరండి. వెళ్ళేటప్పుడు బస్సు మాట దేవుడెరుగు."

"అందరూనా?"

"ఆయ్, అందరమేనండి." ఈసారి ఆ మాటలో మొహమాటం లేదు. నిజంగానే అవును. "ఐదుసార్లది పాడైపోయిందన్నారు కదండీ. రాఘవులు గారు నెలకి సరిపడా స్ట్రిప్పులు పొద్దున్నే కొనుక్కున్నారు, పాపం ఆయనే అందరికీ పంచేరు. ఐదూ ఒకేసారి వద్దులే అని తలా రెండేసి ఎక్కువ వేసుకున్నాం."

మూడు. రెట్టింపు కొత్త మాత్ర మీద మూడేసి నీళ్ళ మాత్రలు. పదింపావుకి. స్టెల్లా గడియారం వైపు చూసింది. యాభై నిమిషాలు. మేడ మీద గుండెని కనిపెట్టి చూసే మిషన్లు రెండున్నాయి, అందులో ఒకటి నిన్నటి పేషెంటుకి తగిలించి ఉంది. ట్రే ఆమె చేతిలోంచి జారి నేల మీద పడింది. ఆ చప్పుడికి పదిమంది ఉలిక్కిపడి తలలు తిప్పారు.

ముత్యాలు వంగి ట్రే తీసి ఆమె చేతికిచ్చింది. భయపడ్డ చిన్నపిల్లని బుజ్జగించినట్టు నవ్వింది.

"ఇప్పుడు కోపం పోయిందా అండీ?"

స్టెల్లా బెంచీ చివరికి చూస్తోంది. ట్రే చప్పుడికి తల తిప్పనిది ఒక్క రాఘవులు గారే.